ముగ్గుపిండిలో నీటి చార

ద్వారక,
ఆదివారం.

అమ్మకి, సునంద నమస్కరించి రాస్తున్నది. ఇక్కడ నేను కులాసా. అక్కడ నీ మోకాళ్ళూ, అన్నయ్య కోపమూ అదుపులో ఉన్నాయని తలుస్తాను. వినికిడి మిషను పెట్టుకోనని నువ్వు మొండికేస్తే నాకు ఉత్తరమే గతి.

వేళకి తింటున్నావా అని అడిగావు. తింటున్నాను. నిన్న గోంగూర కూడా దొరికింది. బండి అమ్మేశావా అని అడిగావు. అమ్మేది లేదు.

మంచం, పొయ్యి ఉన్న బండిలో దేశమంతా తిరుగుదామని ఆయనా నేనూ ఎన్నేళ్ళు అనుకున్నామో నీకు తెలుసు. ఆయన పోయారు. రిటైరయ్యాక నేనొక్కదాన్నే కొన్నాను. తొలి వానకే మంచం కింద సామాన్ల పెట్టెలోకి నీళ్ళొచ్చి దుప్పట్లన్నీ నానిపోయాయి. "అపశకునం. మగదిక్కు లేని బండి అంతే," అని రాశావు. అన్నయ్య ఏకంగా కొనేవాణ్ణే వెతికి పెట్టాడు. ఒళ్ళు మండిపోయిందమ్మా! ఈ బండి కూడా పోతే నాకింక ఈ ఫ్లాటు గోడలే మిగులుతాయి.

మెకానిక్ పెట్టె తలుపు రబ్బరు మార్చాడు. మళ్ళీ నీళ్ళు. "ఆంటీజీ, బేచ్ దో," అని వాడూ అమ్మేయమనే ఉచిత సలహా పారేశాడు. ఇక లాభం లేదని నేనే దిగాను. పెట్టె ఆరబెట్టి లోపలంతా ముగ్గుపిండి చల్లాను, నీళ్ళు ఎటునుంచి వస్తే అటు చార కనబడుతుందని. పై అంతస్తు వైశాలి బయట గొట్టం పట్టుకుంది. వాళ్ళది విజయవాడే గానీ పిల్లకి తెలుగు నోటికి రాదు. కిందనుంచి కొంచెం కొంచెంగా పైకి తడపమన్నాను.

"ఆంటీ, పానీ ఆయా క్యా?"

"నీళ్ళు రాలేదే. ఇంకా పైకి పట్టు!"

తలుపు దగ్గర చుక్క రాలేదు. గొట్టం వెనక గోడ పైకి వెళ్ళిందో లేదో, పిండిలో సన్నని చార జరజరా దిగింది. "ఆయా! ఆయా!" అని హిందీలో అరిచింది నేనే.

ఇప్పుడిక చెప్పక తప్పదు. కోప్పడకు. కోప్పడినా సరే. ఆ చార నీ దిష్టిబొమ్మ దగ్గర్నుంచి వచ్చింది. వాహనపూజనాడు పట్టుబట్టి, మనిషిని పిలిపించి, బండి వెనక డ్రిల్లు పెట్టి బిగింపించావే, అదే. ఆ స్క్రూల బెజ్జాల్లోంచి నీళ్ళు రేకు లోపలగా జారి పెట్టెలో చేరుతున్నాయి. నా బండికి పట్టిన దిష్టి ఆ బెజ్జాలే! బొమ్మ ఊడదీశాను. బెజ్జాలు శుభ్రం చేసి, సీలెంటు కూరి, పైన రేకుముక్క అతికించాను. మొన్న కుండపోత కురిసింది. పెట్టెలో చెయ్యి పెట్టి చూస్తే ముగ్గుపిండి పొడిపొడిగా ఉంది.

అన్నయ్య పంపినవాడు వచ్చాడు. టీ ఇచ్చి సాగనంపాను. రేపు పొద్దున్నే రిషీకేశ్ బయల్దేరుతున్నాను, బండి నేనే నడుపుతాను. సెలవు కోసం రాయడం లేదు, నీకు తెలియాలని రాస్తున్నాను.

బొమ్మని పారేశానేమోనని బెంగపడకు. నా పక్క సీట్లో కూర్చోబెట్టి బెల్టు కూడా పెట్టాను. మగదిక్కు లేదన్నావుగా, వీడికి కోరమీసాలున్నాయి.

ఇట్లు,
నీ మాట వినని కూతురు
సునంద