కంబళి మీది చీటీ

కొత్తవాడ, వరంగల్
సెప్టెంబరు 4

చిరంజీవి మహితకు పెద్దబాపు సాంబమూర్తి దీవించి రాయునది. ఇక్కడ నేను, మీ పెద్దమ్మ సరోజన, మన మగ్గం, ముగ్గురం క్షేమం.

ఫోను ఉండగా ఉత్తరమే రాయమని నువ్వు పట్టుబట్టినావు కాబట్టి పదేళ్ల తరువాత కలం పట్టాను. పోస్టాఫీసులో రాకేష్ కవరు చూసి, "ఎస్టోనియానా? గది యాడుంటది పెద్దమనిషీ?" అన్నాడు. "గంత సదువుకున్నవు, గది సుత తెల్వదా" అని గద్దించాను. నాకూ తెలియదు కాబట్టే గద్దించాను. చివరికి వాడే కంప్యూటర్లో వెతికి, దేశం మొత్తానికి పదమూడు పద్నాలుగు లక్షల మందేనని చెప్పాడు. బిడ్డా, మేడారం జాతరలో అంతమంది ఒక్క పూటకు వాగులో స్నానం చేసి పోతారు. అంత చిన్న దేశం మీద ఇంత పెద్ద చదువేమున్నదో నాకు అంతుపట్టలేదు.

అయినా కొత్తవాడ అంతా చెప్పాను. మన నేతగాళ్ల ఇళ్లలో నుంచి పరాయి దేశపు పెళ్లి సామాను మీద పరిశోధన చేస్తున్నది మా తమ్ముని బిడ్డ ఒక్కతే అని. సొసైటీ మేనేజర్ కుమారస్వామి మాత్రం, "మన పెండ్లిల్ల మీద చెయ్యరాదే, బువ్వలన్న దొరుకుతయి" అన్నాడు. అతని సంగతి నీకు తెలిసిందే.

నీ పని ఏమిటో, నీకు చెప్పే మేడం ఎట్లాంటిదో వివరంగా రాయి.

నీ మేలు కోరే
పెద్దబాపు

తా.క.: అక్కడ చలికి కొబ్బరినూనె రాయిలాగా గడ్డకడుతుందట. తలకు ఏం పెట్టుకుంటున్నావని మీ పెద్దమ్మ అడుగుతున్నది. నాకు ఆ దిగులు లేదు, నీకు తెలిసిందే కదా.

*

తార్తు, ఎస్టోనియా
సెప్టెంబరు 26

పెద్దబాపుకు, పెద్దమ్మకు మహిత నమస్కారాలు.

ఉత్తరమే కావాలని ఎందుకన్నానో చెబుతాను. నేను పనిచేసే భాండాగారం నిండా ఉత్తరాలే. వందేళ్లకు పైగా ఇక్కడి ఊళ్ల రైతులు, బడిపంతుళ్లు తమ ఇంట్లో పెళ్లి ఎట్లా చేస్తారు, ఏ పాట పాడతారు, ఏ బట్ట నేస్తారు అని రాసి పంపుతూనే ఉన్నారు. ఎవరెవరో వచ్చి ఏలినా, మేమంటూ ఒక జాతి ఉన్నామని వీళ్లు చెప్పుకోగలిగింది వాటి బలంతోనే. పదమూడు లక్షల మందే, కానీ ఒక్కరినీ మరిచిపోలేదు. అది చూసినప్పుడు నాకు నువ్వే గుర్తొచ్చావు. నీకు తెలిసినదంతా ఏ కాగితం మీద ఉన్నది?

నా పని ఒక పాత ఉన్ని కంబళి మీద. వెనకట పెళ్లికూతురు అత్తారింటికి మంచు మీద జారే బండిలో పోయేటప్పుడు ఒళ్లో కప్పుకునేది. ఫోటో పెడుతున్నాను. నడుమ ఎనిమిది కొసల నక్షత్రం చూడు. "పెళ్లికూతురు ఒక్కతే నేసినది" అని దాని కింద చీటీ ఉన్నది. డిసెంబరు పదిహేనున కమిటీ ముందు దీని మీద పత్రం చదవాలి. ఒప్పుకుంటే డాక్టరేటుకు సీటు ఖాయం. లేకపోతే ఆరు నెలల గడువు తీరగానే పెట్టె సర్దుకోవడమే.

నా భయమంతా మా ప్రొఫెసర్ మారెత్ గారి గురించే. ఆమె మాట్లాడరు. ఇరవై రోజులు కూర్చుని రాసిన మొదటి అధ్యాయం ఇచ్చాను. చదివారు, తిరగేశారు, బల్ల మీద పెట్టారు, కిటికీలోంచి బయటికి చూశారు. అంతే.

మీ
మహిత

తా.క.: ఇక్కడ బస్సు కోసం నిలబడితే మనిషికీ మనిషికీ నడుమ మంచం పట్టేంత జాగా వదలాలి. అది తెలియక ఒక ముసలామె పక్కన నిలబడ్డాను. ఆమె జరిగింది. పాపం చోటు ఇస్తున్నదనుకొని నేనూ జరిగాను. అట్లా ఇద్దరం షెడ్డు దాటి వానలోకి వచ్చాం.

*

కొత్తవాడ
అక్టోబరు 17

చిరంజీవి మహితకు.

నీ ఉత్తరం చదివినప్పటి నుంచి నాకు ముద్ద దిగలేదు. బిడ్డా, నీకు తెలియదు, చిన్నదానివి. సొసైటీలో కుమారస్వామి మన జంపఖానా బాగుంటే వంద వంకలు పెడతాడు. అంచు వంకర అంటాడు, రంగు పలచన అంటాడు. నిజంగా చెడిపోయిన దాన్ని మాత్రం ఒక్క మాట అనకుండా తిరగేసి పక్కన పెడతాడు. మీ మేడం చేసింది అచ్చం అదే. తిట్టలేదంటే పని పూర్తిగా పాడైందన్నమాట.

చేతులు ముడుచుకొని కూర్చునే మనిషిని కాదు నేను. నీ ఫోటోలోని నక్షత్రాన్నే చూసుకొని మేడం కోసం జంపఖానా నేశాను. పన్నెండు రోజులు పట్టింది. "నేత: సాంబమూర్తి, కొత్తవాడ" అని గుడ్డ చీటీ కుట్టి పార్సిల్ చేశాను. లోపల మేడంకు తెలుగులో ఒక ఉత్తరం పెట్టాను. నువ్వే చదివి వినిపించు.

ఇంకొక సంగతి. ఆ కంబళి ఒక్క మనిషి నేసినది కాదు. ఇద్దరు పక్కపక్కన కూర్చుని నేశారు. నడుమ గీత చూడు, ఎవరి పోగు వాళ్లు అక్కడిదాకా తెచ్చి ముడేసుకున్నారు. నక్షత్రం ఎడమ కొసలు నాలుగూ బిగుతు, కుడి కొసలు నాలుగూ వదులు. ఒక్క చేతికి రెండు బిగువులు రావు. ఇది ఫోటోలోనే కనబడుతుంటే ఎదురుగా పెట్టుకున్నవాళ్లకు ఎందుకు కనబడలేదు?

ఆశీస్సులతో
పెద్దబాపు

తా.క.: మీ పెద్దమ్మ జంపఖానా చుట్టలో మామిడికాయ తొక్కు సీసా దాచింది. నాకు చెప్పలేదు, నేనూ చూడలేదు. కస్టమ్స్ వాళ్లు అడిగితే నువ్వూ అదే చెప్పు.

*

తార్తు
నవంబరు 9

పెద్దబాపూ, నమస్కారం. కొంప ముంచావు.

ఆ కంబళి చీటీ రాసింది మారెత్ గారే! ముప్పై ఏళ్ల కింద దాని మీద పుస్తకం కూడా రాశారు. పార్సిల్ వచ్చిన రోజు డిపార్ట్‌మెంట్ అంతా కాఫీ దగ్గర ఉన్నారు. మారెత్ గారు అందరి ముందూ నీ ఉత్తరం నా చేతికిచ్చి చదవమన్నారు. చదివాను. "మేడం గారికి దండాలు. మా పోరి పని మంచిగ లేకుంటే మొఖం మీదనే చెప్పుండ్రి, ఊకుండకుండ్రి. ఇంకో మాట. మేడం, మీరు చీటీ తప్పు రాసిండ్రు."

ఆ చివరి ముక్కను ఇంగ్లీషులో మార్చి చెబుదామనుకున్నాను. కానీ ఇక్కడే చదువుకుంటున్న డోర్నకల్ పిల్ల సింధు అదే బల్ల దగ్గర కూర్చుని ఉన్నది. పైగా నీ మాట నా నోటితో మార్చబుద్ధి కాలేదు. ఉన్నదున్నట్టు చెప్పాను. మారెత్ గారు తెలుగులో ఆ వాక్యాన్ని మళ్లీ చదవమన్నారు. చదివాను. ఇంకోసారి అన్నారు. చదివాను. లేచి, జంపఖానా చంకన పెట్టుకొని వెళ్లిపోయారు. ఈ రోజుకు ఆరు రోజులు. ఆఫీసు గదికి తాళం.

పెట్టె కిందికి దించి ఉంచాను.

మహిత

తా.క.: తొక్కు సీసా కస్టమ్స్ వాళ్లకు దొరికింది. ఆఫీసరు బ్రెడ్డుకు పూసుకొని రుచి చూశాడు. ఒక్క మాటా అనలేదు, కళ్లు మాత్రం తుడుచుకున్నాడు. మర్నాడు ఫోన్ చేసి మీ ఇంటి నుంచి మళ్లీ పార్సిల్ ఎప్పుడు వస్తుందని అడిగాడు.

*

కొత్తవాడ
నవంబరు 24

చిరంజీవి మహితకు.

తప్పైందని రాయమని మీ పెద్దమ్మ నిన్నటి నుంచి చంపుతున్నది. అందరి ముందూ నిన్ను నిలబెట్టినందుకు తప్పైంది. అది మనసారా రాస్తున్నాను. కంబళి గురించి మాత్రం తప్పు కాలేదు. నలభై ఏళ్లుగా ఈ ఇనుప పంజాతో పోగు కొడుతున్నాను. అది పుస్తకం చదివి నేర్చిన పని కాదు, పుస్తకం వల్ల పోయేదీ కాదు.

మేడం తలుపు తీస్తే ఒక్కటే చెప్పు. కంబళిని తిరగేసి, కళ్లు మూసుకొని, నడిమి గీతకు అటొక చెయ్యి ఇటొక చెయ్యి పెట్టి తడమమను. నా మాట నమ్మనక్కరలేదు.

నిన్ను పంపించేస్తే పంపించేయనీ. స్టేషన్‌కు నేనే వస్తాను, కొత్తవాడ నడుమ నుంచే తీసుకుపోతాను. మేడం భయానికి పెద్దబాపు మాట మార్చకుండా చెప్పిన బిడ్డవు నువ్వు. నాకు ఆ డాక్టరేటు చాలు.

ఉంటాను. మీ పెద్దమ్మ మగ్గం మీద కూర్చుని, నేను రానిదే పని సాగదని కేకేస్తున్నది.

పెద్దబాపు

తా.క.: ఆ ఆఫీసరు పెళ్లయినవాడేనా అని మీ పెద్దమ్మ అడగమంటున్నది. సింధు కోసమట.

*

తార్తు
డిసెంబరు 16

పెద్దమ్మకు, పెద్దబాపుకు మహిత నమస్కారాలు. ఈసారి పెద్దమ్మ పేరు ముందు ఎందుకు రాశానో చివరిదాకా చదివితే తెలుస్తుంది.

నిన్న నా పత్రం చదివాను. పెద్దబాపూ, నువ్వు చెప్పిన గీత, బిగువు, వదులు అన్నీ నీ పేరు చెప్పి మరీ చదివాను. అయిపోయాక మారెత్ గారు లేచారు. పదకొండు నిమిషాలు మాట్లాడారు! ఆమె అంతసేపు మాట్లాడగా ఇరవై ఏళ్లలో వినలేదని గుమస్తా తలుపు దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

ఆమె అలిగి వెళ్లలేదు పెద్దబాపూ. ఆ రోజులన్నీ కంబళి ముందు కూర్చున్నారు, ఆ తరువాత పాత ఉత్తరాలు వెతికారు. నువ్వు చెప్పినట్టు కళ్లు మూసుకొని తడిమారు కూడా. ఆ కంబళి వచ్చిన ఇంటి రైతు ఎనభై ఏళ్ల కింద రాసిన ఉత్తరం దొరికింది. "మా అక్క, పనిమనిషి లీసా ఇద్దరూ చలికాలమంతా ఒకే పలక మీద కూర్చుని పెళ్లి కంబళి నేశారు" అని ఉన్నది. ఇన్నాళ్లూ ఆ లీసా గురించి ఎవరూ అడగలేదు. ఒక్కరినీ మరిచిపోలేదని నీకు గొప్పగా రాశాను చూడు, ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. చీటీ మార్చారు. లీసా పేరు చేరింది. నా సీటు ఖాయమైంది. మొదటి అధ్యాయం సంగతి అడిగితే, "బాగుంది కాబట్టే ఏమీ అనలేదు" అన్నారు. ఇక్కడ అంతేనట.

నేను ఏడ్చేశాను. నా వాళ్ల చేతి పని నన్ను గెలిపించిందని గర్వంతో ఏడ్చాను.

ఇక అసలు సంగతి. మీ జంపఖానాను కంబళి పక్కనే ప్రదర్శనకు పెడుతున్నారు. దానికి చీటీ రాసే ముందు మారెత్ గారు జంపఖానాను తిరగేసి, కళ్లు మూసుకొని, నడుమ అటొక చెయ్యి ఇటొక చెయ్యి పెట్టారు. "కుడివైపు ఈయన. ఎడమవైపు బిగువు ఇంకా బాగుంది. అది ఎవరు?" అని నన్ను అడిగారు. చెప్పాను. చీటీ మీద ఇప్పుడు ఇట్లా ఉన్నది: "నేత: సరోజన, సాంబమూర్తి. కొత్తవాడ, వరంగల్." రెండు భాషల్లో.

మీ
మహిత

తా.క.: మారెత్ గారు ఒక తెలుగు వాక్యం కంఠతా పట్టారు. నీకు తన మాటగా రాయమన్నారు. "సాంబమూర్తి గారూ, మీరు చీటీ తప్పు రాసిండ్రు."