బక్కోడి బోర్డు

అమ్మా, నమస్కారం. నేను కులాసా. పని నేర్చుకోవడానికి నా తర్వాత ఆర్నెల్లకు చేరిన బక్కోడికి మా కరెంటు మేస్త్రీ కొత్త బడి మెయిన్ బోర్డు అప్పజెప్పాడు. నాకింకా వైర్ల కోసం గోడలకు గాడి కొట్టడమే. ఒకటే కడుపుమంట. నిన్న వాడు స్విచ్చి వేయబోతుంటే లోపల ఒక వైరు వదులుగా ఉండటం నా కంటబడింది. కాలితే కాలనీ అనుకున్నాను, నీ దగ్గర దాపరికమెందుకు. అంతలోనే నోరు ఆగక "ఒరేయ్, ఆగు!" అని అరిచాను.

"నీ కన్ను మంచిదమ్మాయ్. ఇక వాడి బోర్డులన్నీ నువ్వే చూడు" అన్నాడు మేస్త్రీ. చూడటం నేనట, చెయ్యడం వాడట!

వచ్చే నెల లైసెన్సు పరీక్ష. పదో తరగతి సర్టిఫికెట్ రిజిస్టర్డు పోస్టులో పంపు. నాన్న మోకాలినొప్పి తగ్గిందా? చెల్లికి ముద్దులు. బక్కోడు నీకు నమస్కారాలు చెప్పమన్నాడు. రాయకపోతే బాగుండదని రాస్తున్నాను.

నీ పెద్దమ్మాయి