గ్లాసు మీద గీత

ప్రియమైన అక్కకి,

ఫోన్‌లో ఏడుపు తప్ప మాట రావట్లేదు, అందుకే రాస్తున్నాను. రొమ్ములో గడ్డ కోశాక పాలు మాన్పించి ఏడు వారాలైంది. బాబుకి ఇప్పుడు మూడు నెలలు. డబ్బా పాలు మూడు రకాలు మార్చాం. తాగినదాంట్లో సగం కక్కేస్తున్నాడు. నెలగా బరువు పెరగలేదు. "మళ్లీ పాలు పడతాయేమో ప్రయత్నించు. మూడు వారాలు చూసి, లాభం లేకపోతే ఆస్పత్రిలో చేర్చుకుంటాం" అన్నారు డాక్టరు. రొమ్ముకి పెడితే వెనక్కి విరుచుకుని అరుస్తున్నాడు. కాన్పుల వార్డులో నర్సువి నువ్వు. నిజం చెప్పు, వస్తాయా?

నీ బుల్లి

ప్రియమైన బుల్లీ,

చాలామందికి వస్తాయి. అందరికీ పూర్తిగా రావు. రెండూ చూశాను.

డాక్టరు రాసిన పాలు ఆపకు. అవి గ్లాసులో పోసి, సన్నటి గొట్టం ఒక కొస అందులో ఉంచు. రెండో కొస చనుమొన పక్కన టేపుతో అంటించు. వాడు చప్పరిస్తే గ్లాసులోవి నోట్లోకి వస్తాయి. ఆ చప్పరింపుకే నీకు పాలు ఊరతాయి. రోజుకి పదిసార్లు. ముందే కారిపోకుండా గొట్టానికి క్లిప్పు పెట్టి, వాడు పట్టుకున్నాక తియ్యి. మీ ఆయన టైలరేగా, పాలు పోసినంత మేర గ్లాసు మీద గీత గియ్యమను, ఎంత తాగాడో తెలుస్తుంది. గడ్డ చోట ఎర్రబడితే ఆలస్యం చెయ్యకు.

అక్క

అక్కా,

గొట్టం పెట్టి పదహారు రోజులు. పిండితే నాలుగు చుక్కలు. "ఎండిన బోరుకి మోటారు బిగించారు" అన్నారు అత్తయ్య. ఆయన నవ్వారు. రెండు రోజులు ఆయనతో మాట్లాడలేదు. బాబు పట్టుకుంటున్నాడు, గ్లాసు ఖాళీ అవుతోంది. అంటే తాగేదంతా గ్లాసుదేగా? శుక్రవారం బరువు చూస్తారు. ఆ తర్వాత గొట్టం చెత్తబుట్టలోకే. నన్ను ఆపకు.

బుల్లి

బుల్లీ,

ఆపను. శుక్రవారం దాకా మాత్రం పదిలో ఒక్కటి తగ్గించినా ఊరుకోను. నువ్వు పిండితే వచ్చేది వేరు, వాడు లాగితే వచ్చేది వేరు.

అక్క

ప్రియమైన అక్కకి,

ఇవాళ గురువారం. పొద్దున బాబు పావుగంట తాగాడు. గుటకలు వినిపించాయి. తనే వదిలేసి నిద్రపోయాడు. గ్లాసు కడగడానికి తీసుకెళ్లిన ఆయన వెనక్కొచ్చారు.

"పాలు గీత దగ్గరే ఉన్నాయేంటి?"

"తాగాడుగా!"

ఆయన గొట్టం పైకెత్తి చూపించారు. క్లిప్పు తియ్యడం మర్చిపోయాను.

అత్తయ్య కళ్లజోడు పెట్టుకుని గీత చూశారు, క్లిప్పు చూశారు. "మరి వాడేం మింగాడే?" అన్నారు. గంటకి గుడ్డ బాగా తడిపాడు.

రేపు కాటా ఏమన్నా సరే, గొట్టం శుభ్రంగా కడిగి ఆరబెట్టాను.

నీ బుల్లి