డాలరుకి అర సెంటు

కోల్బర్న్ స్ప్రింగ్స్, మిస్సోరి
ఏప్రిల్ 14

లావోన్ వదినగారికి,

మీ మరదలు నెల్డా నమస్కరించి రాస్తున్నది. ఇక్కడ మేం క్షేమం అని మొదలుపెట్టడం మర్యాద కనక ఆ మాట రాశాను. చివరిదాకా చదివాక మీకు తోస్తే దాన్ని మీరే కొట్టేసుకోండి. మీ మోకాలు కుదుటపడిందని విని సంతోషించాను. మీ అల్లుడు మెట్లు ఎక్కొద్దంటే వినండి, మొండికేయకండి.

మొన్న ఫోన్లో పన్ను సంగతి ఏమైందని అడిగారు. మీ తమ్ముడు మెర్ల్ పక్కనే ఉన్నారని ఏదో చెప్పి పెట్టేశాను. అంబులెన్సు ఖర్చుకోసం సరుకులమీద డాలరుకి అర సెంటు పన్ను పెంచాలా అని పెట్టిన ఓటింగులో ఓడిపోయాం వదినా. అవునన్నవాళ్ళెంతమందో కాదన్నవాళ్ళూ సరిగ్గా అంతే. సమానంగా వస్తే ఓడినట్టేనట. జూన్ ఆఖరుకి ఊళ్ళో అంబులెన్సు ఉండదు. ఆ తర్వాత ఎవరికేమైనా కౌంటీ పట్నం నుంచి రావాల్సిందే. వాగు పొంగని రోజున కూడా ముప్పావుగంట. మెర్ల్ గుండె మళ్ళీ మొరాయిస్తే అంతసేపు ఆగదని డాక్టరు మొహమాటం లేకుండా చెప్పాడు. పోయిన నవంబరులో బతికి బయటపడ్డారంటే అది ఫైర్ స్టేషన్ వెనకాల బండి సిద్ధంగా ఉండబట్టే.

అందుకే నేను అంతలా పూనుకున్నాను. ఫిబ్రవరిలో స్కూలు జిమ్‌లో మీటింగు పెట్టారు. మనిషికి మూడు నిమిషాలు. ముందు హార్డ్‌వేర్ షాపు రస్సెల్ లేచాడు. పోయినేడు ఊరి మొగదల ఆ లైట్ల అక్షరాల బోర్డు పెట్టడానికి లేని డబ్బు లోటు ఇప్పుడెక్కణ్ణించి ఊడిపడిందని మేయర్‌ని నిలదీశాడు. మంచు కురుస్తుంటే తొంభై డిగ్రీల ఎండని చూపించే బోర్డది, ముందు దాన్ని తీసుకెళ్ళి తుక్కు సామాన్లవాడికి అమ్మండి, తర్వాత మా జేబుల్లో చెయ్యి పెడుదురుగాని అన్నాడు. జనం పడీపడీ నవ్వారు. మా పక్కింటి ఐలీన్ లేచి, పింఛనుతో బతికేదాన్ని, పాలమీదా పన్నే, గుడ్లమీదా పన్నే, ఇంకా పెంచితే నేను కోళ్ళు పెంచుకోవాలి, దానికీ మీ కౌన్సిలు ఒప్పుకోదాయె అంది. తను ఎటు ఓటేస్తుందో మాత్రం చెప్పలేదు.

నా వంతు వచ్చింది. మెర్ల్‌ని వేలుపెట్టి చూపించి, ఈయన ఇవాళ ఇలా కూచున్నారంటే ఆ బండివల్లే, డాలరుకి అర సెంటు ఇచ్చి మా ఆయన్ని నాకు ఉంచండి అన్నాను. కొందరు కళ్ళు తుడుచుకున్నారు. లేచి నిలబడమని వెనకనుంచి ఎవరో అంటే ఆయన లేచి నిలబడ్డారు కూడాను. అది పనిచేసిందని నాకు హుషారొచ్చింది. ఇక మార్చి అంతా ఆయన్ని వెంటబెట్టుకుని ఇంటింటికీ తిరిగాను. కాయితాలు పంచితే చెత్తబుట్టలో వేస్తారు, ఎదురుగా మనిషి నిలబడితే కాదనలేరు కదా అనుకున్నాను. చలిగా ఉంది, నేను కారులో కూచుంటానని ఆయన అన్నా వినలేదు.

మన ఊరివాళ్ళ మంచితనం మీకు తెలియనిది కాదు. ఆస్పత్రి బిల్లులకోసం డిసెంబరులో చర్చి కింద గదిలో, ఆడవాళ్ళు పళ్ళు కూరి కాల్చి తెచ్చిన పైలని వేలం వేశారని రాశాను కదా. ఆ రోజు నేను చేసిన గూస్‌బెర్రీ పైని అందరికంటే పెద్ద పాట పాడి కొన్నది ఈ రస్సెలే. కొని, తినకుండా మళ్ళీ వేలానికే ఇచ్చేశాడు. ఇంకొకడు పాడి తనూ తిరిగిచ్చాడు. అలా చేతులు మారి మారి ఆ పై చుట్టూ అంచులన్నీ విరిగిపోయాయి. అలాంటివాడు పన్ను దగ్గరికొచ్చేసరికి మొహం తిప్పుకున్నాడు. అదేమిటయ్యా అంటే, చేత్తో ఇస్తే ఎవరికిచ్చానో తెలుస్తుంది, ఆఫీసుకిస్తే అది ఇంకో బోర్డవుతుందన్నాడు. అతనితో వాదించే ఓపిక నాకు లేకపోయింది. 

ఫలితం వచ్చిన మర్నాటి నుంచి ఊళ్ళో ఎవరూ ఎవరితోనూ సరిగ్గా మాట్లాడటం లేదు. ఒక్క ఓటు వదినా! కెఫేలో కాఫీ తాగేవాళ్ళంతా ఆ ఒక్కరూ ఎవరా అని ఒకరి మొహం ఒకరు చూసుకుంటున్నారు. చేపలు పట్టడానికి పోయి ఓటెయ్యని డ్వేన్‌ని పెళ్ళాం గరాజ్‌లో పడుకోమందట. నాకు మాత్రం అనుమానం అక్కర్లేకపోయింది. ఐలీనే. ముప్పైఏళ్ళ ఇరుగుపొరుగు, మెర్ల్ ఆస్పత్రిలో ఉన్నప్పుడు మా కుక్కకి తిండి పెట్టిన మనిషి. కడుపు మండి, మా ఇంట్లో ఉండిపోయిన ఐలీన్ వంటగిన్నె తీసుకెళ్ళి దాని గుమ్మంలో పెట్టి, మా ఆయన పోతే పువ్వులు పంపకు, అర సెంటు మిగుల్చుకున్నావుగా, దాచుకో అని అరిచి వచ్చాను. అది నోరు తెరిచి చూస్తూ నిలబడింది. 

ఇప్పుడు చర్చి ఆడవాళ్ళు మెర్ల్ పేరుమీద మళ్ళీ వేలం పెడతామంటున్నారు. థాంక్స్ చెప్పాను. ఇంకేం చెప్పను? పైలు అమ్మి ఎన్నాళ్ళు బండి నడుపుతారు? నాకు ఆశ చచ్చిపోయింది వదినా. ఆయన కాస్త గట్టిగా దగ్గితే చాలు, ఫోను దగ్గరికి పరిగెత్తుతున్నాను. ఇల్లు అమ్మి పట్నం పోదామంటే, అంబులెన్సు లేని ఊళ్ళో ఈ ఇల్లు ఇప్పుడు ఎవరు కొంటారు?

మీ ఆరోగ్యం జాగ్రత్త. పిల్లలకి ముద్దులు.

ఇట్లు
మీ మరదలు
నెల్డా

తా.క. కవరు అంటించబోతుంటే, అక్కకి ఏం రాశావో చూడనీ అని మీ తమ్ముడు అడిగారు. ఇచ్చాను. ఐలీన్ గురించి రాసిన చోట ఆగిపోయి, ఇది కొట్టెయ్ అన్నారు. ఎందుకు కొట్టెయ్యాలన్నాను. ఆ ఓటు నాది అన్నారు.

ఎగతాళి అనుకున్నాను. కాదు. పోలింగుకి నేనే చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళాను వదినా, నా పక్క బల్ల దగ్గరే నిలబడి ఓటుకాయితం మీద కాదని గీసి వచ్చారట. చావాలనుకుని చేసిన పని కాదన్నారు. బతకాలనే ఉందట. కానీ గుమ్మం గుమ్మానికీ తిప్పి నన్ను చూపించావు, ప్రతివాళ్ళూ నా మొహం చూసి సరేనన్నారు, రేపు బజారుకి వెళ్ళిన ప్రతివాడూ నా వైద్యానికి కట్టినట్టు ఉంటుంది, ఆ ఊళ్ళో నేను తలెత్తి తిరగలేను అన్నారు. ముందే నాకెందుకు చెప్పలేదని ఏడ్చాను. నువ్వు ఊరంతటినీ అడిగావు, నన్ను అడగలేదే అన్నారు.

కోటు వేసుకుని ఐలీన్‌కి చెప్పడానికి తనే వెళ్ళారు. కిటికీలోంచి చూస్తున్నాను. ఆవిడ తలుపు తీసింది. ఆయన ఏదో చెప్తున్నారు. ఆవిడ ఆయన్ని చూడటం లేదు, మా కిటికీకేసి చూస్తోంది.