తమ్ముడికి విమానం, కూతురికి దాని అద్దం

కలకత్తా గార్డెన్ రీచ్‌లో ఉంటున్న గొర్లె గవరయ్య అనే నేను, వయసు అరవై ఎనిమిది, ఓడల యార్డులో ఫిట్టరుగా చేసి రిటైరైనవాణ్ణి, పూర్తి తెలివిలో ఉండి, ఎవరి బలవంతమూ లేకుండా రాస్తున్న వీలునామా ఇది. వచ్చే వారం నాకు గుండె ఆపరేషను. గుండె చెడినా బుర్ర చెడలేదు. కాదనేవాడు ఎవడైనా ఉంటే వాడు నా తమ్ముడు మల్లేశే.

1. నా రెండు గదుల ఇల్లు, అందులోని సామాను నా కూతురు తవిటమ్మకు చెందాలి.

2. మెటియాబ్రుజ్‌లో దర్జీ నూరుల్ గారి షెడ్డులో మల్లేశూ నేనూ కట్టిన ఒంటి సీటు విమానం మల్లేశుకు చెందాలి. వాడు ఫ్లయింగ్ క్లబ్బులో మెకానిక్కు, నడపడం వచ్చు. అయితే నడిపేవాడి తలమీద మూతలా ఉండే అద్దం ఇందులోకి రాదు. అది తవిటమ్మది.

3. కారణం చెబుతాను. అద్దమంటాం గాని అది ప్లాస్టిక్. షీటును పొయ్యిపెట్టెలో మెత్తబడేదాకా కాచి, నూరుల్ ఇచ్చిన ఫ్లానెల్ గుడ్డ చుట్టిన చెక్క అచ్చు మీద తవిటమ్మా నేనూ వంచాం. లోడ్‌షెడ్డింగు పుణ్యమా అని రెండు షీట్లు పాడయ్యాయి. మూడోది తేటనీళ్ళలా వచ్చింది.

పోయిన నెల విశ్వకర్మ పూజనాడు, ఊరంతా గాలిపటాలు ఎగరేస్తుంటే, మల్లేశు ఆ అద్దానికి నూనె సిందూరం బొట్టు పెట్టాడు. పెట్టి ఊరుకున్నాడా? మరకైందని రంగులు పల్చన చేసే థిన్నరుతో తుడిచాడు. థిన్నరు తగిలితే ఆ ప్లాస్టిక్ బీటలు వారుతుంది. బోల్టు రంధ్రాల చుట్టూ సన్నని గీతలు తేలాయి. నేను లబోదిబోమంటే, "ఏటన్నియ్యా, ఎంటికంత గీతకే ఇంత గాబరా ఏటి? గాల్లోకి లేత్తే అవే సద్దుకుంతాయి" అన్నాడు.

అవి సర్దుకోవు. గాలి వేగానికి అద్దం పగిలి వాడి మొహం మీదికే వస్తుంది. నాకు భయంగా ఉంది. నేను పోయిన మర్నాడే వాడు విమానం ఎగరేస్తాడు.

4. అందుకే ఈ షరతు. తవిటమ్మ ఎదుట మల్లేశు తన చేత్తో ఆ అద్దాన్ని సుత్తితో పగలగొట్టాలి. ఆ తరువాతే విమానం వాడిది. అంతవరకు షెడ్డు తాళంచెవి ఈ వీలునామా అమలుచేసే నా స్నేహితుడు మరియదాసు దగ్గరే ఉండాలి. మరియదాసు ఎవరైనా బతిమాలితే కరిగిపోయే మనిషి. ఈసారి కరగకూడదు.

5. మిగిలిన ఒక్క షీటు, ప్లాస్టిక్ చీలకుండా నేను మొన మొద్దు చేసిన డ్రిల్లు బిట్లు తవిటమ్మకు. అమ్మా, చలి పొద్దున షీటు కోయకు, పగులుతుంది, ఎండ తగిలి వెచ్చబడ్డాకే కోయి. కొత్త అద్దం చేయడం నీ ఇష్టం. చిన్నాన్న ఏడ్చాడని మాత్రం చేయకు.

6. మా అమ్మ పోయినప్పుడు మల్లేశు చంకలో పిల్లాడు. ఎత్తుకుని పెంచింది నేనే. వాడి మీద కోపం ఉంది, ప్రాణమూ ఉంది. అద్దం కొట్టేటప్పుడు పెంకులు కళ్ళలోకి ఎగురుతాయి. పనిలో నేను పెట్టుకునే కళ్ళజోడు వాడికి రాసిస్తున్నాను. ముందు అది పెట్టుకోవాలి, తరువాతే సుత్తి పట్టాలి.

1991 అక్టోబరు 14, సోమవారం, గార్డెన్ రీచ్.

(సంతకం) గొర్లె గవరయ్య

మా కళ్ళెదుట సంతకం చేశారు:
నూరుల్ హక్, దర్జీ, మెటియాబ్రుజ్
సీపాన బంగారయ్య, పొరుగింటివాడు