దర్జీకి మందులు ఎవరిస్తారు

విజయవాడ,
12-3-2004

మునిసిపల్ ఆరోగ్యాధికారి గారికి,

అయ్యా, మా కొండవాడ ఆరోగ్య కేంద్రాన్ని ఏప్రిల్ నుంచి వేరే స్వచ్ఛంద సంస్థకు అప్పగిస్తున్నట్టు మీ ఉత్తరం అందింది. అభ్యంతరం లేదండీ. ఒక్క మనవి మాత్రం ఉంది.

ఇక్కడొక దర్జీకి టీబీ. మా కార్యకర్త మాణిక్యం మందులు తీసుకుని ఇంటికి వెళ్తుంటే ఓనరు ఆరా తీశాడు. ఇల్లు ఖాళీ చేయిస్తాడన్న భయంతో దర్జీ మందులు మానేశాడు. నెల తిరక్కుండానే నెత్తురు కక్కుకున్నాడు. అప్పుడు మాణిక్యం, "ఇంటికి రానులే అన్నయ్యా, జాకెట్టు కుట్టించుకునేదానిలా కొట్టుకే వస్తాను" అని ఒప్పించింది. రోజు విడిచి రోజు దగ్గరుండి మింగిస్తోంది. ఇంకా రెండు నెలలు వాడాలి.

అప్పటిదాకా ఆవిడని పనిలో ఉంచమని కొత్తవారికి చెప్పండి. కుదరదంటే మందులు ఆవిడ చేతికి ఇప్పిస్తే చాలు. జీతం లేకపోయినా వెళ్తానంటోంది.

ఈ కాగితం చాలామంది చూస్తారు కాబట్టి దర్జీ పేరు రాయలేదు. మీరు రమ్మంటే వచ్చి చెబుతాను.

ఇట్లు,
కేంద్రం నిర్వాహకురాలు