చెరువు గట్టు మీది మా గుడిసెలు

అక్కకు, బావకు సరిత దండాలు.

మీరూ పిల్లలూ చల్లగా ఉన్నారని తలుస్తాను. బావ మోకాలి నొప్పి తగ్గిందా? మేమిక్కడ బాగానే ఉన్నాం, నా గురించి రంది పెట్టుకోకు. గుట్ట ఎక్కితే తప్ప ఫోన్ సిగ్నల్ దొరకదు. అందుకే రేగొండ పోయే ఆటోలో ఈ ఉత్తరం పంపుతున్నాను.

దంతాలపల్లి వదిలి ఈ అడవి ఊరికి వచ్చిన కొత్తలో పొద్దుగూకితే నువ్వే యాదికొచ్చేదానివి. ఇప్పుడు ఏడ్చే తీరిక కూడా లేదు. ఊరందరం కలిసి కమిటీ పెట్టుకుని చెరువు గట్టున గుడిసెలు వేశామని చెప్పాను కదా, అడవి చూడ్డానికి పట్నం వాళ్లు వచ్చి వాటిలో ఉంటున్నారు. వాళ్లకు నేను వండిపెడతాను, మీ మరిది పడవ నడుపుతాడు. హైదరాబాద్‌కు కూలికి పోవడం మానేశాడు. మూడు పూటలా ఇంటి తిండే, కాస్త ఒళ్లు కూడా చేశాడు. ఎండలు మొదలైనా చెరువు గాలికి మాకు తెలియడం లేదు.

అసలు సంగతి చెప్తాను. పోయిన వారం పట్నం నుంచి ఒక కాంట్రాక్టరు వచ్చాడు. మర్యాదస్తుడే. ఊరివాళ్లను కూర్చోబెట్టి, "ఈ గుడిసెలు నాకు లీజుకివ్వండి, అందరికీ జీతాలిస్తాను" అన్నాడు. చాలామంది తలలూపారు, మీ మరిదితో సహా. ఊరి మీటింగులో నేనెన్నడూ నోరు విప్పినదాన్ని కాదు. అయినా ఉండబట్టలేక లేచాను.

"సారు, వానకాలం ఎవ్వరు రారు గదా. అప్పుడు గూడ జీతమిస్తరా?"

ఆయన కాస్త ఆలోచించి, "లేదమ్మా, పని లేనప్పుడు ఎలా ఇస్తాను?" అన్నాడు.

"మా కమిటీ ఇస్తది సారు. వచ్చినదాంట్ల కొంత పక్కకు పెట్టి వానకాలం ఇంటింటికి పంచుకుంటం. గందుకే పోయినేడు మా ఊరోళ్లు వలస పోలే."

తేనె అమ్ముకునే లచ్చవ్వ కూడా అందుకుంది. "ఇయ్యాల నా తేనె నేనే అమ్ముకుంటున్న. రేపు నువ్వు గేటు పెట్టి నన్ను ఆడనే ఆపవా బిడ్డా?"

ఆయన నవ్వాడు గానీ కాదనలేదు. ఒక్కొక్కరే వద్దని చెయ్యెత్తారు. అందరికన్నా ఆఖరున ఎత్తింది మీ మరిదే. కాంట్రాక్టరు కోపం చేసుకోలేదు, చింతచిగురు పప్పు మారు అడిగి వేయించుకుని మరీ వెళ్లాడు.

ఇంటికొస్తుంటే మీ మరిది, "గిన్నేండ్లు గా మాటలు యాడ దాచినవ్?" అన్నాడు.

"నువ్వెన్నడన్న అడిగినవా?" అన్నాను. ఇద్దరం దారి పొడుగునా నవ్వుకున్నాం. మర్నాడు నన్ను కమిటీలోకి తీసుకున్నారు అక్కా.

సర్వపిండి చేసే మన పాత ఇత్తడి గిన్నె ఎవరైనా ఇటు వస్తే ఇచ్చి పంపు. వచ్చినవాళ్లంతా సర్వపిండే అడుగుతున్నారు. పెద్దమ్మకు నా దండాలు చెప్పు, పిల్లలకు ముద్దులు. మీ దీవెన మా మీద ఉండాలి.

సెలవుల్లో అందరూ రండి. ఇల్లు ఎక్కడని పరేషాన్ కావద్దు. ఇదివరకు ఇక్కడ నన్ను ఫలానావాళ్ల కోడలనేవాళ్లు. ఇప్పుడు చెరువు కాడ ఎవరినడిగినా, "సరితక్కనా? గటు పోండ్రి" అని చూపిస్తారు.

నీ చెల్లె,
సరిత